హోటల్ రుచి మన గల్లీలోనే ఉంది! రండి, కలిసి వండుకుందాం!



నెల మొదటి ఆదివారం జీతం చేతిలో ఉంటుంది. పిల్లలు బిర్యానీ అడుగుతారు, తెప్పిస్తాం. రెండో ఆదివారం అడిగితే "వచ్చే వారం చూద్దాంలే" అంటాం. మూడో ఆదివారానికి వాళ్ళు అడగడమే మానేస్తారు. కోరిక తీరి మానేయరు. ఇంట్లో పైసల్లేవని అర్థమై మానేస్తారు. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు అప్పుడే తెలియాల్సిన సంగతా ఇది?

ఇంకో మాట కూడా ఆలోచించండి. పొద్దున నాలుగింటికే లేచి టిఫిన్ సెంటర్‌కు పోయి వందల దోసెలు పోసే మాస్టర్ ఇదే గల్లీలో ఉన్నాడు. ఫంక్షన్ హాళ్ళలో పెద్ద పెద్ద డేగిశాలకు దమ్ పెట్టే వంటాయన ఉన్నాడు. కర్రీ పాయింట్లో రోజూ ఇరవై రకాల కూరలకు తాలింపు పెట్టే అక్క ఉంది. నగరానికంతా రుచి పంచే చేతులు మన పక్కింట్లోనే ఉన్నాయి. ఆ చేతుల పనితనం గల్లీలో ప్రతి ఇంటికీ రావాలని ఈ కరపత్రం వేస్తున్నాం.

హోటల్ రుచిలో సగానికి పైగా పద్ధతే. పద్ధతి నేర్చుకోవడానికి పైసలు అక్కర్లేదు. నేర్పేవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు ఒక చోట కూర్చుంటే చాలు.

బిల్లును ఒకసారి చివరిదాకా చదవండి

ఫోన్లో ఆర్డర్ పెట్టినప్పుడు మొత్తం ఒక్కటే చూసి కట్టేస్తాం. ఈసారి కింది వరుసలు కూడా చదవండి. తిండి ధర ఒకటి. దాని మీద 5 శాతం జీఎస్టీ. ప్యాకింగ్ చార్జీ వేరు, డెలివరీ చార్జీ వేరు, ప్లాట్‌ఫాం ఫీజు వేరు. యాప్‌కు కమీషన్ కట్టాలి కాబట్టి చాలా హోటళ్ళు కౌంటర్ ధర కంటే యాప్‌లో ఎక్కువ వేస్తాయి. ఇవన్నీ పోగా గిన్నెలోకి వచ్చింది ఎంతో లెక్క వేసుకోండి.

హోటల్లో కూర్చుని తినేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. బిల్లులో సర్వీస్ చార్జీని తమంతట తాము కలిపి వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వేస్తే తీసేయమని అడగండి. అది మన హక్కు.

హోటళ్ళ మీద మాకు కోపం లేదు. అద్దె, కరెంటు, కమర్షియల్ సిలిండర్, జీతాలు అన్నీ ఆ ధరలోనే రావాలి. ఆ జీతాల మీదే మన బస్తీలో ఎన్నో పొయ్యిలు వెలుగుతున్నాయి. పుట్టినరోజుకో పండక్కో తప్పకుండా పోదాం, కడుపు నిండా తిందాం. మిగతా ఆదివారాల కోసమే ఈ ప్రయత్నం.

పేరున్న వంటలు కొరతలోంచే పుట్టాయి

తక్కువ ఖర్చుతో వండుకోవడం చిన్నతనం అనుకునేవాళ్ళు ఇది వినాలి. బెంగళూరులో 1924లో మొదలైన మావళ్ళి టిఫిన్ రూమ్స్, అదే ఎంటీఆర్, రవ్వ ఇడ్లీకి పుట్టిల్లుగా పేరు పొందింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్కపోతే, బొంబాయి రవ్వతో ఇడ్లీ పెట్టి చూశారు. అదే ఇప్పుడు మనం పైసలు పెట్టి తింటున్నాం. దేశ విభజన తర్వాత ఢిల్లీ దరియాగంజ్‌లో పేరు తెచ్చుకున్న మోతీ మహల్‌లో, మిగిలిన తందూరీ కోడి ఎండిపోకుండా టమాటా, వెన్న గ్రేవీలో వేస్తే బటర్ చికెన్ అయిందని చెబుతారు. బిర్యానీలో ఆలుగడ్డ వేయడమూ చిన్నతనం కాదు, కలకత్తా బిర్యానీలో అది లేకపోతే అక్కడివాళ్ళు దాన్ని బిర్యానీ అనరు.

ఉన్నదాంతో రుచి తీయడంలోనే వంట చేసేవాళ్ళ గొప్పతనం ఉంది. అది మన అమ్మలకు ఎప్పటినుంచో ఉంది.

అర కిలో చికెన్‌తో అయిదుగురికి దమ్ బిర్యానీ

బాస్మతి లేదని ఆగొద్దు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఆ బియ్యం చాలు. కొత్త బియ్యమైతే మెత్తబడుతుంది, అందుకని నెల రెండు నెలలు నిల్వ ఉన్నది వాడండి.

ముప్పావు కిలో బియ్యం, అర కిలో చికెన్, మూడు ఆలుగడ్డలు, నాలుగు పెద్ద ఉల్లిగడ్డలు తీసుకోండి. హోటల్ వాసనకు అసలు మూలం ఈ ఉల్లిగడ్డలే. అన్నీ ఒకే మందంలో సన్నగా కోయాలి. లావూ సన్నం కలిస్తే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. మధ్య మంట మీద ఓపిగ్గా కలుపుతూ వేయించండి. బంగారు రంగు రాగానే తీసేయాలి. తీశాక కూడా ఆ వేడికి రంగు ఇంకాస్త ముదురుతుంది. ఎర్రబడేదాకా నూనెలోనే ఉంచితే చేదెక్కుతాయి. ఆ నూనె పారబోయకండి, బిర్యానీలోకి అదే కావాలి. అందులోనే ఆలుగడ్డ ముక్కలు సగం వేగించి పెట్టుకోండి.

చికెన్‌లో ఒక గిన్నెడు పెరుగు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచాన్నర కారం, కొంచెం పసుపు, తగినంత ఉప్పు, చెంచాడు గరం మసాలా, గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర, ఒక నిమ్మకాయ రసం, వేయించిన ఉల్లిగడ్డల్లో సగం, ఆ నూనె నాలుగు చెంచాలు వేసి చేత్తో బాగా పట్టించండి. రెండు గంటలు నాననివ్వాలి. రాత్రే కలిపితే ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంచొద్దు.

బియ్యం ఇరవై నిమిషాలు నానితే చాలు. పెద్ద గంజులో నీళ్ళు తెర్లనిచ్చి షాజీర, యాలకులు, లవంగాలు, చెక్క, బిర్యానీ ఆకు వేయండి. ఉప్పు ఎక్కువే పడాలి. నీళ్ళు నోట్లో వేసుకుంటే 'అబ్బ, ఉప్పగా ఉంది' అనిపించాలి. చెంచాడు నూనె, నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే మెతుకు మెతుకుకు అతుక్కోదు. సన్నబియ్యం త్వరగా ఉడుకుతుంది, పక్కనే నిలబడండి. మెతుకు వేళ్ళ మధ్య నొక్కితే విరగాలి, లోపల తెల్లటి పలుకు కనబడాలి. అప్పుడే వార్చేయాలి.

అడుగు మందంగా ఉన్న గంజులో చికెన్, దాని మీద ఆలుగడ్డలు, ఆపైన అన్నం పరవండి. మిగిలిన ఉల్లిగడ్డలు, పుదీనా చల్లండి. కుంకుమపువ్వు అక్కర్లేదు. గోరువెచ్చటి పాలలో చిటికెడు పసుపు కలిపి అక్కడక్కడా పోయండి. మూత చుట్టూ చపాతీ పిండి అంటించి, ఆవిరి గట్టిగా తయారయ్యేదాకా అయిదారు నిమిషాలు పెద్ద మంట, తర్వాత గంజు కింద పాత పెనం పెట్టి ఇరవై అయిదు నిమిషాలు సన్నటి సెగ. పొయ్యి ఆపాక పది నిమిషాలు మూత తీయొద్దు. వడ్డించేటప్పుడు పైపైన కలపకుండా, పక్క నుంచి గరిటె అడుగుదాకా దించి తీయండి. మెతుకు విరగదు, ప్రతి పళ్ళెంలోకీ మసాలా వస్తుంది.

మీల్ మేకర్ 65

చికెన్ 65ని మద్రాసులోని బుహారీ హోటల్ 1965లో మొదలుపెట్టిందని చెబుతారు. చికెన్ కొనలేని వారంలో మీల్ మేకర్‌తో చేయండి. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు దాకా మాంసకృత్తులే ఉంటాయి.

ఉప్పు నీళ్ళలో అయిదు నిమిషాలు ఉడికించి, చల్లటి నీళ్ళలో వేసి, గట్టిగా పిండాలి. మళ్ళీ నీళ్ళలో వేసి మళ్ళీ పిండాలి. ఈ రెండోసారి పిండడం మానేస్తేనే సోయా వాసన వస్తుంది. తర్వాత పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు పట్టించి అరగంట ఉంచి, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా బియ్యప్పిండి చల్లి వేయించండి. బియ్యప్పిండి కరకరలాడిస్తుంది. చివర్లో చెంచాడు నూనెలో వెల్లుల్లి తరుగు, చీలిన పచ్చిమిర్చి, గుప్పెడు కరివేపాకు చిటపటలాడించి, రెండు చెంచాల పెరుగులో కారం కలిపి పోసి, ముక్కలు వేసి పెద్ద మంట మీద తిప్పండి. హోటల్ 65కు ఆ వాసన ఈ ఆఖరి తాలింపుతోనే వస్తుంది.

వేపుళ్ళకు చిన్న బాండీ వాడి, కొంచెం కొంచెంగా వేయించండి. నూనె తక్కువ పడుతుంది. మిగిలింది ఒకటి రెండు రోజుల్లో కూరల్లోకి వాడేయండి, మళ్ళీ మళ్ళీ కాచొద్దు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే దాన్ని వాడకూడదన్న ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018 జూలై నుంచి అమల్లో ఉంది. బండి మీద నల్లబడ్డ నూనె కనిపిస్తే పిల్లలకు కొనివ్వొద్దు.

క్యాబేజీ మంచూరియా, రంగు లేకుండా

గోబీ పువ్వు ధర ఎక్కువున్నప్పుడు క్యాబేజీ తెండి. సన్నగా తురిమి, ఉప్పు చల్లి పావుగంట ఉంచి, నీళ్ళు పిండేయండి. ఆ నీళ్ళు సాస్‌లోకి పనికొస్తాయి. మైదా మూడు చెంచాలు, కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాలు, మిరియాల పొడి వేసి ఉండలు చేసి వేయించండి. వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ పెద్ద మంట మీద ఒక్క నిమిషం తిప్పి, చెంచాడు సోయా సాస్, చెంచాడు చిల్లీ సాస్, కొంచెం వెనిగర్, ఆ క్యాబేజీ నీళ్ళు, చివర్లో నీళ్ళలో కలిపిన కార్న్‌ఫ్లోర్ పోయండి. సాస్ మెరుస్తూ చిక్కబడగానే ఉండలు వేసి దించేయండి.

ఎరుపు కోసం రంగు పొడి వేయొద్దు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగులు కలపడాన్ని నిషేధించింది. తనిఖీల్లో బట్టలకు వేసే రోడమైన్-బీ లాంటి రంగులు బయటపడ్డాయి. మనకు బ్యాడిగి మిర్చి ఉంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. వంద గ్రాములు కొంటే నాలుగిళ్ళకు సరిపోతుంది.

అలాగే మయొనైజ్. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది. పిల్లలు అడిగితే పెరుగును బట్టలో కట్టి నీళ్ళు కారనిచ్చి, వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు, చెంచాడు నూనె కలిపి గిలక్కొట్టి ఇవ్వండి.

పనీర్ బటర్ మసాలా, దోసె, ఫ్రైడ్ రైస్

లీటరు గేదె పాలు కాచి నిమ్మరసం పిండి విరగ్గొడితే దాదాపు రెండు వందల గ్రాముల పనీర్ వస్తుంది. విరిగిన నీళ్ళతో చపాతీ పిండి కలపండి, మెత్తగా వస్తుంది. గ్రేవీలో జీడిపప్పుకు బదులు పుచ్చగింజలు నానబెట్టి రుబ్బండి. ఎన్నో హోటళ్ళలోనూ వాడేది అవే. టమాటా, ఉల్లిగడ్డ ఉడికించి రుబ్బి, నూనె తేలేదాకా మగ్గించి, చివర్లో కసూరి మేతి అరచేతిలో నలిపి చల్లి, పొయ్యి ఆపాక ఒక్క చెంచా వెన్న వేయండి. వెన్న ముందే వేస్తే వాసన ఆవిరిలో పోతుంది.

దోసెకు సన్నబియ్యం కంటే దొడ్డు బియ్యమే మేలు. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినపప్పు, చెంచాడు మెంతులు, చెంచాడు పచ్చిశనగపప్పు, రుబ్బేముందు గుప్పెడు అటుకులు. శనగపప్పుతో ఎర్రటి రంగు, అటుకులతో కరకర వస్తాయి. పెనం కాగాక నీళ్ళు చిలకరించి, కోసిన ఉల్లిగడ్డతో తుడిచి, అప్పుడు పిండి పోయండి. కిలో బియ్యానికి 30 దోసెలకు తక్కువ రావు. చట్నీకి పల్లీలు, పుట్నాలు సగం సగం వేస్తే కొబ్బరి లేకున్నా చిక్కగా ఉంటుంది.

నెలాఖరున రాత్రి అన్నం మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున ఫ్రైడ్ రైస్ చేయండి. చల్లటి పొడి అన్నమే దానికి కావాలి, వేడి అన్నం ముద్దవుతుంది. బాండీ పొగలొచ్చేదాకా కాగాలి. రెండు గుడ్లు, ఉన్న కూరగాయలు, మిరియాలు, చెంచాడు సోయా సాస్. ఒకేసారి నలుగురికి వేయకుండా రెండు విడతల్లో చేస్తేనే హోటల్ రుచి వస్తుంది.

అమ్మ నెత్తిన ఇంకో పని పెట్టొద్దు!

అన్నలారా, ఈ మాట మీకే. వారమంతా పనికి పోయి, ఇంట్లో వండి, ఆదివారం కూడా అక్కలే పొయ్యి ముందు నిలబడాలంటే ఈ పిలుపుకు అర్థం లేదు. హోటళ్ళలో వంట చేసే మాస్టర్లలో ఎక్కువమంది మగవాళ్ళే. మగవాళ్ళకు వంట రాదన్న మాట చెల్లదు. ఉల్లిగడ్డలు కోయడం, చికెన్ కడగడం, గంజు ఎత్తడం, చివరికి గిన్నెలు తోమడం అన్నీ పంచుకోవాలి. పిల్లలు కూడా పుదీనా ఆకులు తుంచాలి, నిమ్మకాయలు పిండాలి. తాము చేయి వేసిన వంటను వాళ్ళు ఇష్టంగా తింటారు, పెద్దయ్యాక ఎవరి మీదా ఆధారపడరు.

ఏం చేద్దాం?

1. నాలుగు నుంచి ఆరు ఇళ్ళు ఒక జట్టుగా కలవండి. పెద్ద గంజు ఉన్నవాళ్ళు గంజు తెస్తారు, పెద్ద పొయ్యి ఉన్నవాళ్ళు పొయ్యి పెడతారు. నాలుగు పొయ్యిల మీద విడివిడిగా వండడం కంటే ఒకే గంజులో వండితే గ్యాస్ మిగులుతుంది.

2. మసాలాలు చిన్న ప్యాకెట్లలో కొనొద్దు. నెలకోసారి ఒకరు బేగంబజార్ పోయి లవంగాలు, యాలకులు, చెక్క, షాజీర, కసూరి మేతి, బ్యాడిగి మిర్చి అందరికీ కలిపి తేవాలి. తూకం వేసి పంచుకుందాం. గరం మసాలా ఇంట్లోనే వేయించి దంచుకుందాం.

3. కూరగాయలు, ఆకుకూరలు రైతుబజార్‌లోనే తెద్దాం. ఆ వారం ఏది చౌకగా ఉంటే దాన్నిబట్టే వంట.

4. చందా అందరికీ సమానం. ఇవ్వలేని ఇల్లు ఉంటే అడగొద్దు, వాళ్ళు వచ్చి ఒక పని చేస్తే చాలు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు మొదటి గిన్నె పంపాలి.

5. నెలకోసారి మన బస్తీ మాస్టర్‌నో వంటాయననో కర్రీ పాయింట్ అక్కనో పిలిచి ఒక వంటకం నేర్చుకుందాం. వాళ్ళకు ఉన్న ఒక్క సెలవు రోజు మనకిస్తున్నారు. ఊరికే తీసుకోవద్దు. చందాలోంచి వాళ్ళ కూలి ఇవ్వాలి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మర్యాద చేయాలి.

6. కొలతలు ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఎంత బియ్యానికి ఎంత ఉప్పు, ఎంతసేపు సెగ, ఎంత ఖర్చు. ఆ పుస్తకం ఇల్లిల్లూ తిరగాలి.

మొదటి వంట ఈ ఆదివారం పొద్దున 9 గంటలకు, మన బస్తీ కమ్యూనిటీ హాలు ముందు. వంటకం దమ్ బిర్యానీ. ఇంటికో కత్తి, ఒక కత్తిపీట, తినడానికి పళ్ళేలు తెచ్చుకోండి. బియ్యం ఎవరింటి నుంచి ఎంతో శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అడుగుతాం.

మనం చదువుకు పొదుపు చేస్తాం, అద్దెకు పొదుపు చేస్తాం, మందులకు పొదుపు చేస్తాం. పిల్లల నోటిదగ్గర రుచిని కూడా పొదుపు చేయాల్సిన అవసరం లేదు. చేయి తిరిగినవాళ్ళు మన మధ్యే ఉన్నారు, బియ్యం మన డబ్బాలోనే ఉంది. కలవడం ఒక్కటే మిగిలింది.

వండే చేతులకు తినే హక్కుంది!
చందా కొంచెం, రుచి అందరికీ!
ఆడా మగా కలిసి వండుదాం, పిల్లాపెద్దా కలిసి తిందాం!

చదివి పక్కింటికి ఇవ్వండి. చదవలేని పెద్దలకు చదివి వినిపించండి. ఆదివారం అందరూ రండి.

ఇట్లు,
మీ బస్తీవాళ్ళు